ఝాన్సీలక్ష్మికి మాడిందే ఇష్టం

ముప్పై రెండేళ్ల కాపురంలో ఝాన్సీలక్ష్మి తింటుండగా ఆమె మొగుడు ఒక్కసారి కూడా చూడలేదు. ఇందులో వింతేమీ లేదు, అత్తగారి కట్టడి అలాంటిది. కోడలు నమలడం మగవాళ్ల కంట పడకూడదు. అందరూ తిని లేచాక వంటింట్లో తలుపుకు వీపు పెట్టి, పీట మీద కూర్చుని, మిగిలిందేదో గబగబా తినేయాలి. అత్తగారు పోయి పదిహేనేళ్లయింది. ఆవిడతో పాటు ఆవిడ మంచం, ట్రంకుపెట్టె, తిట్లు అన్నీ పోయాయి. పీట మాత్రం మిగిలింది. కూతురు నందిని పెళ్లై మాచర్ల వెళ్లిపోయి, నరసరావుపేట ఇంట్లో ఇద్దరే మిగిలాక కూడా ఝాన్సీలక్ష్మి ఆ పీట మీదే, ఆ గోడ వంకే తిరిగి తింటూ వచ్చింది. పేరు చూస్తే కత్తి పట్టాల్సిన పేరు. ఆమె పట్టింది అట్లకాడ.

అలాంటి మనిషి యాభై నాలుగో ఏట, వారానికి మూడుసార్లు హోటల్లో టిఫిను తినడం మొదలుపెట్టింది. కారణం మొగుడు శ్రీమన్నారాయణ కిడ్నీలు.

ఆయన పత్తి వ్యాపారం చేసి మానుకున్న మనిషి. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే ఆరింటికి వెళ్లి, సత్తెనపల్లి రోడ్డులో ఉన్న డయాలసిస్ సెంటర్లో నాలుగు గంటలు పడుకోవాలి. మూడు వారాలు బుద్ధిగా వెళ్లాడు. నాలుగో వారం మంచం దిగనన్నాడు.

"నేను రానే. గొడ్డును గాటికి కట్టేసినట్టు కట్టేస్తన్నారు. ఉప్పొద్దు, టమాటా వద్దు, అరిటిపండొద్దు. మంచినీళ్లు కూడా కొలిచి తాగాలంట. ఇంక బతికి చేసేదేంది?"

వాదించడం ఝాన్సీలక్ష్మికి చేతకాదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "వచ్చేటప్పుడు హోటల్లో టిఫిను తిందాం, లేవండి" అంది.

"నేను తినగూడదు గదే!"

"నేను తింటా. మీరు చూస్తా కూచోండి."

ఒళ్లు మండి అన్న మాట అది. ఆయన మాత్రం దాన్ని ఒప్పందంగా తీసుకున్నాడు. కాసేపు ఆమె ముఖంలోకి చూసి, లేచి చొక్కా వేసుకున్నాడు.

సెంటరుకు నాలుగు అంగల దూరంలోనే ఒక హోటలుంది. ఝాన్సీలక్ష్మి అలవాటు కొద్దీ గోడ వైపు తిరిగి కూర్చుంది.

"గోడకేం చెప్తన్నావు? ఇటు తిరుగు" అన్నాడు ఆయన.

తిరిగింది. సర్వరు మస్తానయ్య వచ్చాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, భుజాన తువ్వాలు. శ్రీమన్నారాయణ గొంతు సవరించుకుని, పత్తి బేరం ముగించేవాడిలా చెప్పాడు. "నాకొక ఇడ్లీ, చట్నీ లేకుండా. అమ్మకి దోసె. బాగా మాడ్చి తీసుకురా."

మస్తానయ్య తను విన్నది నిజమేనా అని చూశాడు. "ఎర్రగానా సారూ?"

"ఎర్రగా కాదయ్యా, నల్లగా! మాడాల. ఆమెకి అదే ఇష్టం."

ఝాన్సీలక్ష్మికి మొదట అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఇన్నేళ్లలో ఆయన మంచినీళ్లకో, అగ్గిపెట్టెకో వంటింట్లోకి వచ్చినప్పుడు ఆమె తినడం ఆపేసేది, కానీ కంచంలో కనిపించింది ఎప్పుడూ మాడిన అట్టే. పెనానికి అంటుకుపోయిన మొదటి అట్టు, ఫోను మోగితే మరిచిపోయిన చివరి అట్టు. అది చూసి చూసి పాపం ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. పెళ్లానికేం ఇష్టమో తెలిసిన మగవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటారు? తనకు తెలుసు.

కాదని చెప్పబోయింది. కానీ ఆయన ముఖం చూస్తే నెలల తరబడి లేని వెలుగేదో కనిపించింది. మాడిన దోసె వచ్చింది. తింది. ఆయన రెప్ప వేయకుండా చూశాడు.

"చానా నెమ్మదిగా తింటావే నువ్వు" అన్నాడు.

పంటి కింద బొగ్గు నలుగుతుంటే ఎవరైనా నెమ్మదిగానే తింటారు. ఆ మాట మింగేసి, "ఊఁ" అంది.

ఆ రోజు ఇంటికొస్తూ ఆటో అతనికి కూడా చెప్పాడు. "మా ఆవిడకి మాడింది లేకపోతే ముద్ద దిగదయ్యా."

ఆ తర్వాత డయాలసిస్ మిషను దగ్గరికి రమ్మని ఆయన్ను బతిమాలాల్సిన పని రాలేదు. బస్టాండు ఎదుటి మెస్సు, కోర్టు దగ్గర ప్లీడర్లు తినే హోటలు, కోటప్పకొండ రోడ్డులో రేకుల పందిరి కింది టిఫిన్ సెంటరు, ఒక్కటి వదల్లేదు. ప్రతిచోటా అదే మాట. టిఫిన్ సెంటర్లో దోసెలు పోసే అతను మాత్రం అట్లకాడ చేత్తో పట్టుకుని బయటికొచ్చి, ఇది అడిగింది ఎవరా అని ఝాన్సీలక్ష్మిని ఎగాదిగా చూసి పోయాడు. ఆమె అతన్ని చూసి నవ్వింది. ఇంకేం చేస్తుంది?

నాలుగు నెలలు అలా మాడినవి తింది. మనిషి వచ్చి మిషను మీద పడుకుంటున్నాడు. దాని ముందు ఈ చేదెంత?

ఒక గురువారం మస్తానయ్య హోటల్లో పెళ్లివారి బస్సు దిగింది. ఆ హడావిడిలో వంటమనిషికి మాట అందక, మస్తానయ్య మామూలు దోసె తెచ్చి పెట్టి పరుగెత్తాడు. మధ్యలో దూదిలా ఉంది, అంచులు సన్నగా, బంగారు రంగులో. ఝాన్సీలక్ష్మి ఒక ముక్క తుంచింది. రెండోది తుంచింది. ఆ తర్వాత ఎదురుగా మొగుడున్న సంగతే మరిచిపోయింది. అల్లం పచ్చడి చివర్లో వేలితో తుడుచుకుని నాకి, తలెత్తితే ఆయన చూస్తున్నాడు.

"ఏమే."

ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది.

"నీకు మాడింది ఇష్టం లేదు గదా."

అబద్ధం చెప్పడానికి నోట్లో ఖాళీ లేదు. మింగాక నెమ్మదిగా అంది. "మొదటి అట్టు పెనానికి అంటుకుంటది గదండీ. ఎవురో ఒకళ్లు తినాల గదా."

ఆయన దారంతా మాట్లాడలేదు. శుక్రవారం కూడా మాట్లాడలేదు. ఇంక శనివారం లేవడు, తన నాలుక కక్కుర్తే ఆయన ప్రాణం మీదికి తెచ్చిందని ఝాన్సీలక్ష్మి తెల్లవార్లూ తిట్టుకుంది. ఐదింటికి లేచి చూస్తే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కుర్చీలో ఉన్నాడు.

మిషను అయ్యాక హోటల్లో కూర్చున్నారు. "అమ్మకి మెత్తటి దోసె. మాడింది నాకు" అన్నాడు మస్తానయ్యతో.

"మీరు తినగూడదండీ!"

"ఒక్క ముక్క."

మాడిన ముక్క నోట్లో పెట్టుకుని చానాసేపు నమిలాడు. మింగలేక మింగాడు. కళ్లలో నీళ్లు తిరిగితే, "గొంతుకు అడ్డం పడింది" అన్నాడు.

"ఎట్టా తిన్నావే ఇన్నేళ్లు?"

"ఏదో ఒకటి నంజుకుంటే దిగుద్ది."

"ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఏమోనండీ, గుర్తు లేదు."

ఆ జవాబు ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. అప్పటినుంచి కొత్త పట్టు పట్టాడు. "నీకు నచ్చకపోతే తిప్పి పంపాల. నువ్వు తిప్పి పంపితే నేను చూడాల. అంతే. నాకింకేం వద్దు."

"బాగానే ఉంటే ఎట్టా పంపుతానండీ?"

అందుకని ఆయనే ఏర్పాటు చేశాడు. ఆమె చేయి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు మస్తానయ్యను పిలిచి, ఇయ్యాల అమ్మది మాడ్చి తీసుకురమ్మన్నాడు. మస్తానయ్యకు ఈ కుటుంబం ఎప్పటికీ అర్థం కాదు. తెచ్చి పెట్టాడు. శ్రీమన్నారాయణ ఆఖరి ఓవరు చూసేవాడిలా ముందుకు వంగాడు. ఝాన్సీలక్ష్మి దోసె వంక చూసింది, ఆయన వంక చూసింది, వంటింటి వంక చూసింది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"ఒసేయ్, పంపవే!"

"పాపం, పొయ్యి కాడ చెమటలు కక్కతా పోశాడండీ. ఎట్టా పంపేది?"

మూడుసార్లు అలాగే జరిగింది. మూడోసారి మాత్రం ఆయన కేకలెయ్యలేదు. వెనక్కి వాలి, ఇడ్లీ పక్కకు నెట్టి, "నాకు చూపిచ్చవా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"మంగళవారం పంపుతా లెండి. ఒట్టు" అంది.

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి లేవలేదు. మిషను పని లేని రోజే చూసుకున్నాడు.

పెద్దకర్మ అయింది. నందిని నెలరోజులుండి, మాచర్ల రమ్మని పోరి పోరి, విసిగి వెళ్లిపోయింది. సెంటరు నుంచి ఫోనొచ్చింది, సారు ఫైలు ఉండిపోయిందమ్మా, పట్టుకెళ్లండి అని. వెళ్లి తెచ్చుకుంది. వస్తుంటే కాళ్లు హోటల్లోకి తిరిగాయి.

ఒక్కతే వచ్చిన ఆమెను చూసి మస్తానయ్య భుజం మీది తువ్వాలు తీసి బల్ల తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు. ఝాన్సీలక్ష్మి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఫైలు ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి లేచి, కుర్చీ జరిపి, ఇటు తిరిగి కూర్చుంది.

"దోసె తెస్తానమ్మా" అన్నాడు మస్తానయ్య.

లోపలికెళ్లి "సారు టేబులు" అన్నాడేమో, వంటమనిషి అలవాటు మీద మాడ్చి ఇచ్చాడు. మస్తానయ్య కూడా చూసుకోకుండా తెచ్చి పెట్టాడు. నల్లగా, అంచులు ముడుచుకుపోయి ఉంది. ఆమె చేయి దానంతటది ప్లేటు మీదికి వెళ్లింది. ముక్క తుంచబోయి ఆగింది.

"మస్తానయ్యా."

"అమ్మా."

"ఇది మాడింది. తీసుకెళ్లి ఇంకోటి వేయించుకురా."

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. మస్తానయ్య ఆమె వంక చూడలేదు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వంక చూశాడు. ఆ తర్వాత ప్లేటు తీసుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలికి వెళ్లాడు.

ఝాన్సీలక్ష్మి కూర్చుని ఉంది. తిప్పి పంపుతానని ఒట్టేసింది మంగళవారానికి, ఈరోజు బుధవారమో గురువారమో ఆమెకు గుర్తు రాలేదు. ఫైలు తీసి ఎదుటి కుర్చీలో పెట్టింది, జారిపోకుండా వెనక్కి ఆనించి. రెండో దోసె కోసం ఎదురుచూస్తూ, ఇటే తిరిగి కూర్చుంది.