మైకు లేని పెట్టె

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు టీవీ ముందు చేరి, కొడుకు చిన్నప్పటి గేమ్ పెట్టె ఆన్ చేసి, ఆటలో వీధి చివర కొట్టు పెట్టుకున్న ఆవిడతో కబుర్లాడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. కొట్టావిడ కత్తులూ డాళ్ళూ అమ్మడం ఆపేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "అయ్యో వదినా! తర్వాత?" అంటూ వింటుంది. ఇంట్లో ఎవరికీ ఇది వింత కాదు. పక్కింటావిడతో మాట్లాడితే మాత్రం ఎవరు వింతగా చూస్తారు?

ఆ కబుర్లలో ముప్పాతిక వంతు కోడలి మీదే. ఆ సంగతి కోడలికీ తెలుసు. అందుకే పెట్టె ఆన్ అవగానే చెప్పులేసుకుని తన సెల్‌ఫోన్ రిపేరు షాపుకి వెళ్ళిపోతుంది. తన మీద చాడీలు తనే వింటూ కూర్చోవడానికి ఆవిడకేం పనిలేదా?

ఇంతలో అత్తగారి కిడ్నీలు చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆసుపత్రిలో పడుకుని డయాలసిస్ చేయించుకోవాలనీ, లేకపోతే నెల్లాళ్ళు కూడా కష్టమనీ డాక్టరు చెప్పాడు.

"నేను రాను," అంది అత్తగారు. "నాలుగు గంటలు నోరు కుట్టుకుని పడుండడం నా వల్ల కాదు. ఇక్కడ కొట్టావిడ నాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది."

కొడుకు బతిమాలాడు, కోప్పడ్డాడు. ఆవిడ పట్టిన పట్టు వదల్లేదు.

"అయితే ఆవిణ్ణి కూడా తీసుకెళ్దాం అత్తయ్యా," అంది కోడలు.

షాపులో పెట్టె విప్పింది. బోర్డు అంచులు ఆకురాయితో అరగదీసింది. కార్లలో రివర్స్ కెమెరాకి పెట్టే చిన్న స్క్రీను కలిపింది. ఫోను బ్యాటరీలు రెండు జతచేసింది. లోపల మనిషి ఉందన్న భయంతో సోల్డరింగ్ ఆచితూచి చేసింది. మొదటి జాయ్‌స్టిక్ బటన్లు డబ్బా మీదకి తెచ్చి, రెండోది పక్కన పారేసింది. ఆడేది ఒక్కరే, రెండోదెందుకు దండగ? ఆఖరికి గేమ్ పెట్టె చేతిలో పట్టేంత అయింది.

"ముచ్చటగా ఉంది," అంది అత్తగారు, కోడలు గదిలో లేనప్పుడు.

సోమవారం ఆసుపత్రిలో నర్సు అత్తగారి చేతికి సూదులు గుచ్చి, కదపొద్దంది. కోడలు పెట్టె ఆన్ చేసి అత్తగారి కళ్ళకెదురుగా పట్టుకుంది.

"వచ్చావా వదినా!" అంది కొట్టావిడ.

"వచ్చానమ్మా. నా అవస్థ చూడు."

"వదినా? మాట్లాడవేం? ఒంట్లో బాగాలేదా?"

అత్తగారు గొంతు పెంచింది. కొట్టావిడకి వినపడలేదు. కళ్ళు తుడుచుకుంటూ కొట్టు తలుపులు మూయబోయింది.

"మైకేదే?" అంది అత్తగారు.

"మైకా?"

"రెండో జాయ్‌స్టిక్‌లో ఉంటుంది కదే! నేను మాట్లాడేది అందులోనే. నువ్వొచ్చిన పదేళ్ళలో ఒక్కనాడైనా నా పక్కన కూర్చుంటే తెలిసేది!"

కోడలు గతుక్కుమంది. కూర్చోలేదు, నిజమే.

"ఈ సూదులు పీకమను. ఇక నేను రాను."

ఆటలో పేరు రాసుకోవడానికి అక్షరాల గళ్ళుంటాయి. కోడలు గబగబా అవి తెరమీదకి తెచ్చింది. బాణం బటన్‌తో ఒక్కో అక్షరం ఏరుకోవాలి.

"మీరు చెప్పండి అత్తయ్యా. నేను రాస్తా."

అత్తగారు ఇరుకున పడింది. ఎవరి మీద చెప్పాలో వాళ్ళ చేతే రాయించాలి. చివరికి తెగించింది.

"రాయి. నా కోడలికి మొండితనం ఎక్కువ."

కోడలు తలొంచుకుని నొక్కింది. ఒక్క అక్షరం కూడా తగ్గించలేదు.

కొట్టావిడ చదువుకుంది. మొహం వెలిగిపోయింది. "ఉన్నావా వదినా! అయ్యో, తర్వాత?"

"కూరలో ఉప్పు వెయ్యదు."

"డాక్టరు వద్దన్నాడు కదా అత్తయ్యా."

"అదీ రాయి."

రాసింది. తర్వాతి మాట కోసం కోడలు బటన్ మీద వేలుంచి కూర్చుంది.

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు," అంది అత్తగారు ఎటో చూస్తూ. "రాయి."

"మీరా?"

"నేను కాదు. నువ్వు."

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగి తప్పు అక్షరం పడింది. చెరిపి మళ్ళీ నొక్కింది.

సూదులు తీసేశాక, పెట్టె సంచిలో సర్దుతూ కోడలు అంది, "బుధవారానికి మైకు పెట్టేస్తాను అత్తయ్యా. పెసరగింజంత ఉంటుంది. షాపులో బోలెడున్నాయి."

"ఏమక్కర్లేదు," అంది అత్తగారు, కోడలి భుజం పట్టుకుని లేస్తూ. "బుధవారం పెందలాడే బయల్దేరదాం. రాయాల్సింది చాలా ఉంది."