జామీను పిల్ల

పంతొమ్మిది రోజులుగా మా బిడ్డ రాజీ ఇంట్లో లేదు. కల్లం దగ్గర ఉంది. కల్లం అంటే బీడీల కోసం కోసిన తునికాకును ఎండబెట్టే చోటు. మా కొత్తగూడ అడవి అంచున, వాగు దాటితే వస్తుంది. మా వాకిట్లో నిలబడి చూస్తే అక్కడి పాక కప్పు కనిపిస్తుంది. రోజుకు ఎన్నిసార్లు అటు చూసేదాన్నో నాకే తెలియదు. పొగ లేస్తే పాక అంటుకుందేమో అనుకునేదాన్ని. పొగ లేవకపోతే ఈ పూట పిల్లలకు గంజి కూడా కాచలేదేమో అనుకునేదాన్ని.

ఆ ఏడాది జనగామ వైపు ఊళ్లలో సంఘం వచ్చి వెట్టి ఆపించిందని వింటున్నాం. మా వైపు ఇంకా రాలేదు. ఆకు కోయడానికి మా చేతులను దొర గుత్తేదారుకు అప్పగించాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అడవిలో ఆకు కోసి, యాభై యాభై చొప్పున కట్టలు కట్టి కల్లంలో వేసి రావాలి. కూలి లేదు. మేము ఎటూ పారిపోకుండా, వాడలోని ఆరు ఇళ్ల నుంచి ఆరుగురు ఆడపిల్లలను కల్లం దగ్గర ఉంచుకున్నారు. కట్టలు తిరగేయడం, నీళ్లు చల్లడం, పాక ఊడవడం వాళ్ల పని. అలా పూచీగా ఉంచుకోవడానికి జామీను అని పేరు పెట్టారు. రాజీకి పధ్నాలుగు ఏళ్లు. అక్కడి నుంచి దొర ఉండే గడికి మైలు దూరం కూడా లేదు. గడిలోకి పనికని పిలిచిన పిల్లల సంగతి మా వాడలో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

నా మొగుడు సాంసన్‌ది కూడా వెట్టే, బండి వెట్టి. ఎండిన ఆకు గోనె బోరాలు మానుకోట స్టేషన్ దగ్గరి కంపెనీ గోదాముకు తోలాలి. ఒకనాడు తిరిగి వచ్చి, ఎడ్లను విప్పకుండానే నన్ను పిలిచాడు.

“జనగామల బీడీలు చుట్టే ఆడోళ్లు చేటలు కిందవెట్టి కూసున్నరట. గిది వెట్టి ఆకు, మేం చుట్టం అంటున్నరట. వాళ్లు సుత నిన్నమొన్నటిదాక వెట్టి చేసినోళ్లేనాయె. కంపెనీ సేటు పరేషాన్ అయితుండు. ఎల్లుండి మన కల్లానికి గుమాస్తను తోలుతుండు, వెట్టినో కాదో అడిగి రాసుకపోతందుకు.”

“ఎవ్వర్ని అడుగుతడు?”

“మిమ్ములనే.”

నేను పాక కప్పు వైపు చూస్తూ నిలబడ్డాను.

“గట్ల నిలవడ్డవేందే? మంచిదే గద?”

“మంచిదే అయితే మనదాక ఎందుకొస్తది?” అన్నాను.

మర్నాడు పొద్దున కల్లేదారు పోశాలు మా ఇంటికి వచ్చాడు. కల్లం మీద పెత్తనం అతనిదే. ఎప్పుడూ వాడలోకి రాని మనిషి మా గడపలో నిలబడేసరికి రాజీకి ఏమో అయిందనుకున్నాను. అతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. నేను మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాను. వాడలో అక్షరం వచ్చిన ఆడది నేనొక్కదాన్నే. అది అతనికి తెలుసు.

కాగితంలో ఇలా ఉంది: ఎవరి బలవంతమూ లేకుండా, కూలి పుచ్చుకుని, మా ఇష్టంతో ఆకు కోయుచున్నాము.

“గిది ఆడోళ్లకు చదివి చెప్పు. గుమాస్త ముంగట ఏలుముద్రలు ఏయించు. ఐతారం నాడు నీ పిల్లను ఇంటికి తోలుత,” అన్నాడు పోశాలు.

సరేనన్నాను. కాగితంలో ఉన్నది అబద్ధమని తెలుసు. నాకు ఐతారం అన్న మాట తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ఆ సాయంత్రం మిగతా ఐదిళ్ల ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పాను. గుమాస్తా కూలి ఎంత అని అడిగితే వంద కట్టలకు ఆరణాలు అనాలని పదిసార్లు పలికించాను.

“ఆరణాలు ఎట్లుంటయో జర సూపియ్యరాదు వీరక్కా,” అంది చంద్రి. “ఎన్నడు సూడనిదాని పేరు చెప్పుమంటే నోరు తిరుగుతలేదు.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తండా నుంచి వచ్చి మా వాడ చివర గుడిసె వేసుకున్న జమ్లీ కూడా నవ్వలేదు.

“నీ పిల్ల ఐతారం ఇంటికొస్తది. మరి మా పిల్లలో?”

“ముందుగాల ఒక్కతి రానీ. ఎనుక నేనే అడుగుత,” అన్నాను. అడగనని నాకు తెలుసు. జమ్లీకీ తెలుసు. అయినా వేలుముద్ర వేస్తానంది. ఆమె పిల్ల కూడా అక్కడే ఉంది మరి.

గుమాస్తా పేరు దుర్గయ్య. గూడు కట్టిన కచ్చురం బండిలో పొద్దెక్కాక దిగాడు. మెల్లగా మాట్లాడే మనిషి. భూపాలపల్లి అడవుల్లో పదేళ్లు కల్లాలు నడిపిన వాడని బండి తోలినతను మాతో అన్నాడు. అది విని నేను ఇంకా భయపడాల్సింది. ఆ ఒక్కసారే భయపడలేదు. రాజీ పాక దగ్గర కుండ పట్టుకుని నిలబడి ఉంది. జడ చిక్కులు కట్టింది. మెడ సన్నబడింది. నా కళ్లు అక్కడే ఉన్నాయి.

నేను కాగితం చదివాను. ఆయన ఒక్కొక్కరినీ అడిగాడు. ఇష్టంతోనే కోస్తున్నారా? ఇష్టంతోనే. కూలి ఎంత? వందకు ఆరణాలు. అందరూ నేను నేర్పినట్టే అన్నారు. చంద్రి కూడా తడబడలేదు. పోశాలు మీసం దువ్వుకున్నాడు. దుర్గయ్య వేలుముద్రల సిరా దిమ్మ తీసి పక్కన పెట్టాడు. పెట్టి, లేచి కల్లంలో పరిచిన కట్టల వరుసల మధ్యకు నడిచాడు.

“జమ్లమ్మా, నీ వరుస ఏది?”

జమ్లీ నా వైపు చూసింది. ఏదో ఒకటని ముందున్న దాన్ని చూపించింది.

“చంద్రమ్మా, నీదేది?”

చంద్రి కూడా దాన్నే చూపించింది.

“ఇద్దరిది ఒక్కటేనా?” అన్నాడు దుర్గయ్య. బండి అతను కిసుక్కున నవ్వాడు.

కూలి ఇచ్చే కల్లంలో ఎవరు తెచ్చిన కట్టలు వాళ్లు తమ వరుసలో పేరుస్తారట. వరుస మొదట ఒక పుల్లో రాయో గుర్తుగా పెట్టుకుంటారట. ఆ వరుసను బట్టే పైసలు. మా కల్లంలో వరుసకు యజమాని లేడు. ఎవరు తెచ్చినవి ఎక్కడ పడితే అక్కడ పరిచేవాళ్లు. మేము ఎన్నడూ కూలికి ఆకు కోసి ఉంటే కదా తెలియడానికి! ఆరణాలు నేర్పాను గానీ, వరుసలు నేర్పాలని నాకు తోచలేదు. పోశాలుకూ తోచలేదు.

“కొత్తోళ్లు బాంచెన్, ఎరుకలేదు,” అన్నాడు పోశాలు గబగబా. “అగో, వీరమ్మకు ఎరుకే. చెప్పు వీరమ్మా, నీ వరుస చూపియ్యి.”

ఏదో ఒకటి చూపిస్తే చాలు. నా చెయ్యి లేచింది కూడా. అప్పుడు పాక దగ్గర రాజీ కుండ దించి, నేను ఏది చూపిస్తానో అని మెడ చాచి చూస్తోంది. తననూ అడిగితే అదే చూపించాలని. నా అబద్ధాన్ని కాపాడడానికి తయారై నిలబడింది నా బిడ్డ.

నాకు ఒక్కసారిగా తెలిసింది. ఈ కాగితం ఈ ఒక్క ఏటితో పోయేది కాదు. వచ్చే ఏడూ గుమాస్తా వస్తాడు. వచ్చే ఏడూ చదివేదాన్ని నేనే. నన్ను చదివించాలంటే రాజీ వాళ్ల దగ్గరే ఉండాలి. పోశాలు ఐతారం నాడు దాన్ని ఎందుకు వదులుతాడు?

“మాకు వరుసల్లేవయ్యా,” అన్నాను. “కూలి లేదు. గిది వెట్టి. గా పాక కాడున్న ఆరుగురు పిల్లలు జామీనుకున్నరు. నా బిడ్డ ఇంటికి రాక ఇరువై రోజులాయె.”

నా మాట నాకే దూరంగా వినిపించింది. ఇప్పుడు కొడతారు, ఇప్పుడే అనుకున్నాను. పోశాలు ముఖం నల్లబడింది.

దుర్గయ్య నా చేతిలోని కాగితం తీసుకున్నాడు. దాన్ని మళ్లీ చదివి గడి ఉన్న వైపు చూశాడు, ఆయనా భయపడ్డాడని తెలిసింది.

“గిది రాసుకపోతే నా నౌకరి ఉంటదో ఊడుతదో,” అన్నాడు. “రాసుకపోకున్నా జనగామల వాళ్లు ఆకు కింద పారేస్తరు. అప్పుడూ నా నౌకరే.” కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. “పోశాలూ, గీ కల్లం ఆకు ఎత్తకు. పిల్లలను తోలు. నేను గీడ ఉండంగనే తోలు.”

“నేను పట్టుకున్ననా?” అని అరిచాడు పోశాలు. “ఆళ్లంతట ఆళ్లే ఉన్నరు. తీస్కపో వీరమ్మా, తీస్కపో! పొద్దుగూకినాక దొరకు నువ్వే జవాబు చెప్పుకో.”

నేను పరిగెత్తి రాజీ చెయ్యి పట్టుకున్నాను. వెనక జమ్లీ తన పిల్ల పేరు పెట్టి కేకేసింది. తరువాత ఎవరు ఏమన్నారో వినలేదు.

వాగులో దిగగానే రాజీ ఆగింది.

“అవ్వా, చెయ్యి నొస్తుంది. జర వదులు.”

“నడువు.”

“దూప అయితుందే.”

“ఇంటి కాడ తాగుదువు, నడువు బిడ్డా.”

వెనక అడుగుల చప్పుడు వచ్చింది. ఒకరివి కాదు, చాలా. గడి మనుషులే అనుకున్నాను. తిరిగి చూడలేదు. చూస్తే కాళ్లు కదలవు. రాజీయే తిరిగి చూసింది.

“చంద్రక్కోళ్లు,” అంది.

ఐదుగురు తల్లులు, ఐదుగురు పిల్లలు. అందరూ తమ పిల్లల చేతులు నేను పట్టుకున్నట్టే పట్టుకుని ఉన్నారు. జమ్లీ నా పక్కకు వచ్చింది. రొప్పుతోంది.

“దొర మనుషులు వస్తరు గద?” అంది.

“వస్తరు,” అన్నాను. “సాంసన్ సుత బండితోని తొవ్వలున్నడు. ఆయన్ను పట్టుకుంటరో ఏమో.”

“మరెట్ల?”

ఎవరి ఇంట్లో వాళ్లుంటే ఒక్కో తలుపూ కొట్టి ఒక్కో పిల్లనూ తీసుకుపోతారు. నాకు అదే కనిపిస్తోంది, కళ్లకు కట్టినట్టు.

“ఎవ్వరింటికి వాళ్లు పోవద్దు,” అన్నాను. “అందరం మన వాడ మిషనోళ్ల ప్రార్థన పాకల ఉందాం. పిల్లలను నడుమ కూసోవెట్టుకుందాం. చంద్రీ, మీ ఇంట్ల రోకలి తేపో. జమ్లీ, సాంసన్ వచ్చే తొవ్వకు ఎవలనన్న తోలి ఆయనకు కబురియ్యి.”

“నీకు భయమైతలేదా అక్కా?” అంది చంద్రి.

“అయితుంది,” అన్నాను. “గందుకే చెప్తున్న. జల్ది పోండ్రి.”

రాజీ వంగి, ఖాళీగా ఉన్న చేత్తో వాగు నీళ్లు తాగింది. రెండో చెయ్యి నేను వదల్లేదు.