అవతలి గోల్ దగ్గర సంబరం

ఆ ఏడాది కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఓటమన్నది ఎరగకుండా ఫైనల్‌దాకా వచ్చిందంటే అందులో గోల్‌కీపర్ గొప్పతనం ఏమీ లేదు. గిట్టనివాళ్ళెవరో అన్న మాట కాదిది, ఆ పిల్ల తనకు తానే చెప్పుకునేది. జట్టంతా ఆమెను ‘గోడ’ అని పిలిచేవాళ్ళు. ముద్దుగానే లెండి. కానీ గోడను పలకరించేదెవరు?

బంతి ఎప్పుడూ అవతలి సగంలోనే. ముందువరసలో ఆడే ‘తూనీగ’, అదీ ముద్దుపేరే, హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే పిల్ల, గోల్ మీద గోల్ కొడుతుంటే గోడ మాత్రం ఇవతల ఈగలు తోలుకుంటూ నిలబడేది. గోల్ పడగానే అక్కడ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుప్ప, కేకలు, కేరింతలు. మొదటి మ్యాచ్‌లో తనూ ఉండబట్టలేక మైదానం పొడుగునా పరిగెత్తింది. రొప్పుతూ చేరేసరికి కుప్ప విడిపోయింది.

“నువ్వెందుకొచ్చావే? పో, పో, అక్కడ గోల్ ఖాళీగా ఉంది!” అని అరిచింది కోచ్ మేడం.

ఆ తర్వాత ఆమె మళ్ళీ వెళ్ళలేదు. గోల్ స్తంభాన్ని ఒక చరుపు చరిచి, “కొట్టాంలే” అని దానికే చెప్పుకునేది. స్తంభంతో సంతోషం పంచుకునే గతి పగవాళ్ళకి కూడా రాకూడదు.

ఫైనల్ ముందురోజు అమ్మ ఫోన్ చేసింది. “రేపైనా ఒక్క గోల్ కొట్టవే తల్లీ, మీ అత్తకి చెప్పుకుంటాను.”

“నేను కొట్టకూడదమ్మా, ఆపాలి.”

“మరి ఎన్ని ఆపావు?”

“బంతి ఇటు వస్తేగా!”

“అయితే హాయే కదే నీకు!”

ఫోన్ పెట్టేశాక గోడకి ఏడుపొచ్చింది. కప్పు మీద కూడా ఆమెకంత ఆశ లేదు. ఒక్కసారి ఆ కుప్ప అడుగున పడి నలిగిపోవాలని ఉంది, అంతే.

ఫైనల్ ఎటూ తేలక పెనాల్టీలదాకా వచ్చింది. రెండు జట్లూ మైదానం నడిమధ్యన నిలబడ్డాయి. గోల్‌కీపర్లిద్దరూ మాత్రం ఒకే గోల్ దగ్గర. అవతలివాళ్ళ చివరి బంతిని గోడ ఎడమకి దూకి వేలికొసలతో బయటికి నెట్టేసింది. ఇక తూనీగ కొడితే కప్పు తమదే. పక్కకి వచ్చి నిలబడ్డాక గోడకి అప్పుడు తట్టింది, ఈ గోల్ పడేది ఇక్కడే, తన పక్కనే! ఈసారి ఆలస్యంగా చేరడమన్న మాటే లేదు.

తూనీగ కొట్టింది. వల ఊగింది. గోడ రెండు చేతులూ చాపింది.

తూనీగ గిర్రున వెనక్కి తిరిగి, జట్టు ఉన్నవైపు, మైదానం మధ్యకి పరిగెత్తింది. కుప్ప అక్కడే పడింది.

చాపిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక గోడ నడుము మీద పెట్టుకుంది. ఓడిన జట్టు గోల్‌కీపర్ గడ్డిలో బోర్లాపడి వెక్కివెక్కి ఏడుస్తోంది. గోడ వెళ్ళి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

“నువ్వు మీవాళ్ళ దగ్గరికి వెళ్ళవా?” అంది ఆ పిల్ల, ముక్కు ఎగబీలుస్తూ.

“వెళ్తాలే. ముందు నువ్వు లే.”

ఇంతలో దబదబమని అడుగుల చప్పుడు. ఓడిన జట్టు పిల్లలంతా పరిగెత్తుకొచ్చి తమ గోల్‌కీపర్ మీద పడిపోయారు. “నీ తప్పేం లేదే, ఏడవకే” అంటూ వాళ్ళూ ఏడుస్తున్నారు.

“కాస్త జరుగుతావా అక్కా?” అంది వాళ్ళలో ఒకమ్మాయి, మర్యాదగానే.

గోడ జరిగింది. నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఆ చివరి బంతిని వదిలేసి ఉంటే బాగుండేదనిపించింది. అప్పుడైనా తనవాళ్ళు వచ్చేవాళ్ళా? ఆ మాట కూడా ఖాయంగా అనుకోలేకపోయింది.