ఏడేళ్ల లెక్క

నేను ఒక రబ్బరు స్టాంపుని. నమ్మకపోతే మానండి, నేను మాత్రం మిమ్మల్ని ఎలాగూ నమ్మను. ఇది చదువుతున్నది నిజంగా మీరేనా, మీ పేరు చెప్పుకుని ఇంకెవరైనానా అని కూడా నాకు అనుమానమే. గుర్తింపు కార్డు చూపించమని అడిగే నోరు లేదు కాబట్టి ఊరుకుంటున్నాను.

నా ముఖం మీద ఉన్నవి రెండే ముక్కలు: ‘గడువు మీరినది. తిరస్కరించడమైనది.’ కోర్టు వెనక సందులో ఒక చిన్న దుకాణంలో పుట్టాను. అచ్చులో రబ్బరు పెట్టి వేడిగా అదిమారు, బ్లేడుతో అంచులు కోశారు, చెక్కపిడికి అంటించారు. అదే పూట, అదే రబ్బరులోంచి ‘ఆమోదించడమైనది’ అనే ఇంకో స్టాంపు కూడా పుట్టింది. దాన్ని చూస్తే అందరికీ ముద్దు. నన్ను చూస్తే మొహాలు మాడ్చుకుంటారు. ఇద్దరం ఒకే కాగితం సంచిలో యూనివర్సిటీకి వెళ్లాం, అడ్మిషన్ల సెక్షన్‌లో మూడో కిటికీ దగ్గర ఒకే ప్యాడ్ మీద బతికాం.

నన్ను మొదట పట్టుకున్నది రంగనాయకులుగారు. ఆయనదీ నా బుద్ధే. దరఖాస్తు ఆఖరి తేదీ తర్వాత వచ్చిందా అని పోస్టు కవరు మీది ముద్రను కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసేవారు. ఆయన చేతిలో ఉన్నంతకాలం నాకు పని తక్కువ, గౌరవం ఎక్కువ.

ఆ తర్వాత క్రెడిట్ల రూలు వచ్చింది. అదేమంత బ్రహ్మవిద్య కాదు. వారానికి నాలుగు గంటల సబ్జెక్టు పాసైతే నాలుగు క్రెడిట్లు మీ ఖాతాలో పడతాయి. మధ్యలో చదువు ఆగిపోయినా, వేరే యూనివర్సిటీకి మారినా ఆ క్రెడిట్లు వెంట తెచ్చుకోవచ్చు. కొత్తచోట పాఠాలు ముప్పాతిక వంతు కలిస్తే చాలు, మళ్లీ చదవక్కర్లేదు. కాకపోతే ఏడేళ్లు దాటితే క్రెడిట్లు చెల్లవు. ఆ ఏడేళ్లు దాటినవాళ్ల నెత్తిన పడే పని నాకు అప్పగించారు. రంగనాయకులుగారు ఒక్కో దరఖాస్తుకు అరగంట తీసుకునేవారు. క్యూ సైకిల్ స్టాండు దాకా పోయేది.

ఆయన రిటైరయ్యాక వీరాంజనేయులు వచ్చాడు. మెత్తని మనిషి. ఎండలో నిలబడ్డ జనాన్ని చూసి అయ్యో అనుకునేవాడు. ఆ జాలితోనే ఒక సులువు కనిపెట్టాడు. హాల్‌టికెట్ నంబరులో మొదటి రెండు అంకెలు కాలేజీలో చేరిన సంవత్సరం కదా, దానికి ఏడు కలిపితే సరి. అలా వచ్చిన ఏడాది ఇంకా గడవకపోతే ‘ఆమోదించడమైనది’, గడిచిపోతే నేను. దరఖాస్తుకు అర నిమిషం. జనం దీవించారు. తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన ప్రమీలారాణికి కూడా అతను నేర్పింది ఇదే. పదేళ్లుగా మూడో కిటికీలో నడిచిన లెక్క అదొక్కటే. నాకూ నచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు చేతినిండా పని దొరికింది.

పోయిన ఏడాది జులైలో, చేరికలకు ఆఖరి రోజున, మధ్యాహ్నం రెండున్నరకు ఒకావిడ కిటికీ ముందుకొచ్చింది. పేరు గంగరత్న. అంగన్‌వాడీ టీచరు. ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మార్కుల మెమోలు తీసి పెట్టింది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. నాలుగూ లామినేషన్ చేసి ఉన్నాయి! నిజమైన కాగితానికి అంత ముస్తాబెందుకు? పైగా అడగకముందే ఆధార్ తీసి పక్కన పెట్టింది. అడగకముందే ఇచ్చేవాళ్లను నేను అసలు నమ్మను.

“మేడం, రెండేండ్ల డిగ్రీ పాసైనా. మా అత్తగారి జిల్లా యూనివర్సిటీలో, సెంటర్ నడుపుకుంటానే దూరవిద్యలో. ఆ క్రెడిట్లు ఈడికి మార్చుకొని మూడో సంవత్సరంలో చేరాల” అంది.

ప్రమీల హాల్‌టికెట్ నంబరు చూసింది. “పదహారు. పదహారూ ఏడూ ఇరవైమూడు. ఇప్పుడు ఇరవైనాలుగు. చెల్లవమ్మా. మళ్లా మొదట్నుంచి చేరాల్సిందే.”

“మొదట్నుంచంటే మూడేండ్లు మేడం! సూపర్‌వైజర్ పోస్టుకు డిగ్రీ కావాల. వచ్చే ఏడాది దాటితే నాకు వయసు దాటిపోతాది. పద్నాలుగేండ్లు సెంటర్ నడిపినా. ఈ ఏడు చేరకపోతే ఇంక అంతే.”

“నేనేం జేసేదమ్మా? రూలు అట్లుంది.”

ఆ మాట అంటూనే ప్రమీల నన్ను ప్యాడ్ మీద అద్ది దరఖాస్తు మీద దించింది. చక్కగా పడ్డాను, ఒక్క అక్షరం కూడా చెదరలేదు. లామినేషన్ చేసుకొచ్చావుగా, అనుభవించు అనుకున్నాను.

ఆవిడ కదల్లేదు. మామూలుగా ఈ సమయానికి ఏడుస్తారు, లేకపోతే ఎవరో పెద్దమనిషి పేరు చెబుతారు. ఈవిడ మెమోను ముందుకు తోసి వేలు పెట్టి చూపించింది.

“మేడం, మా సెంటర్లో పిల్లోళ్ల వయసు నెలనెలా రాస్తాం. పిల్లోడు పుట్టిన తేదీ నుంచి రాస్తాం గానీ, వాళ్లమ్మ పెండ్లైన తేదీ నుంచి రాయం గదా? నేను కాలేజీలో చేరింది పదహారులోనే. అప్పుడు కడుపుతో ఉండి పరీక్షలు రాయలేకపోతి. మళ్లా పొయ్యి పాసైంది పందొమ్మిదిలో, ఇరవైలో. క్రెడిట్లు పుట్టింది అప్పుడు కదా మేడం?”

వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రమీల మొహం కందిపోయింది.

“తమాషాగా ఉందా నీకు?”

“తమాషా కాదు మేడం, నా బతుకు. ఆ రూలు ఒక్కసారి తీసి చూపించండి. చేరినప్పట్నుంచి అని రాసుంటే నోరు మూసుకొని పోతా.”

రూలు చూపించమంటుందా! ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఎవరో చెప్పి పంపించారనుకున్నాను. వెనకాల ఏదో యూనియన్ ఉండాలి, లేకపోతే లాయరు. కిటికీ బయట ఎవరైనా నక్కి ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరు. చెప్పుల దుమ్ము కూడా దులుపుకోకుండా బస్సు దిగి నేరుగా వచ్చిన ఆడమనిషి ఒక్కతే ఉంది.

ప్రమీల విసురుగా లేచి బీరువాలోంచి నిబంధనల పుస్తకం తెచ్చింది. ఈవిడ నోరు మూయించాలనే కాబోలు గట్టిగా చదివింది: “క్రెడిట్లు, సంబంధిత పరీక్షా ఫలితములు వెలువడిన తేదీ నుండి ఏడు సంవత్సరముల వరకు చెల్లుబాటగును.”

చదవడం అయితే గట్టిగా మొదలుపెట్టింది గానీ, చివరికొచ్చేసరికి గొంతు తగ్గిపోయింది. ఇంకోసారి లోపల్లోపల చదువుకుంది. తర్వాత మెమోలు దగ్గరికి లాక్కుని ఫలితాల తేదీలు ఒక్కొక్కటే చూసింది. మొదటిది రెండువేల పందొమ్మిది మే నెల. ఇంకా దాదాపు రెండేళ్ల గడువు ఉంది.

ప్రమీల మంచిదో చెడ్డదో నాకు ఎప్పుడూ తేలలేదు. కానీ ఆ పూట ఆమె చేసిన పని నేను కళ్లారా చూశాను. ఎర్ర పెన్ను తీసి నా ముద్ర మీద అడ్డంగా గీత కొట్టింది. పక్కన ‘పొరపాటున వేయబడినది’ అని రాసి సంతకం పెట్టింది. నా జన్మలో నా మీద ఎవరూ గీత కొట్టలేదు. ఒళ్లంతా మండిపోయింది.

“తప్పు నాదేనమ్మా” అంది ప్రమీల. “పాఠాలు కలుస్తాయో లేదో కూడా ఇప్పుడే చూపిస్తా, నాలుగింటికి కిటికీ మూస్తారు, ఆలోపలే అయిపోవాల.” ఆవిడ తెచ్చిన సిలబస్ కాగితాలు తీసుకుని, పాఠాలు పోల్చి చూసేవాళ్ల దగ్గరికి తనే పైఅంతస్తుకు పరుగెత్తింది. నాలుగు కావడానికి పది నిమిషాలుండగా ‘ఆమోదించడమైనది’ గాడు వచ్చి నేను పడ్డ కాగితం మీదే పడ్డాడు.

“సంతకం యాడ పెట్టాల మేడం?” అంది గంగరత్న. పెట్టాక కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చేసింది. అంతసేపూ ఏడవని మనిషి!

నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. ప్రమీలకు అవలేదు. మర్నాడు పాత దరఖాస్తుల కట్టలు దింపించింది. నేను పడ్డవన్నీ ఒకచోట పేర్చి, వాటికి జత చేసిన మెమోల మీద ఫలితాల తేదీలు చూడటం మొదలుపెట్టింది. ఆ లెక్క చూస్తుంటే నాకు అప్పుడు తట్టింది. మధ్యలో ఆగకుండా చదువుకునేవాళ్లు క్రెడిట్లు మోసుకుని మా కిటికీకి ఎందుకొస్తారు? వచ్చేవాళ్లంతా మధ్యలో ఆగినవాళ్లే. కాన్పుకు ఆగినవాళ్లు, కూలికి పోయి ఆగినవాళ్లు, జబ్బుపడి ఆగినవాళ్లు. చేరిన ఏడాదికీ పాసైన ఏడాదికీ పొంతన లేనిది సరిగ్గా వాళ్లకే. వీరాంజనేయులు సులువు లెక్క తప్పేది వాళ్ల దగ్గరే.

నేను తప్పుగా పడ్డవాళ్లు నలభై ఒక్కమంది తేలారు. ప్రమీల ఆ పేర్లన్నీ రాసి రిజిస్ట్రారుకు ఉత్తరం తయారుచేసింది. ఉత్తరంతో పాటు సాక్ష్యంగా నన్ను కూడా కవరులో పెట్టింది. కానీ కవరు అంటించేముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొన్ని నంబర్లు పనిచేయలేదు. పదకొండుమందికి గడువు ఇంకా మిగిలి ఉంది, వాళ్లు మళ్లీ వస్తామన్నారు. నేను కవరులోంచి అన్నీ విన్నాను.

చివరి ఫోన్ ఓబులేసు అనే అతనికి. ఆగిన డిగ్రీ పూర్తిచేసి, బి.ఇడి చదివి టీచరు కావాలని మూడేళ్ల కిందట మా కిటికీకి వచ్చాడు. అప్పటికి అతని క్రెడిట్లకు ఇంకా ఏడాది గడువు ఉంది. ఇప్పుడు నిజంగానే చెల్లవు. ప్రమీల ఆ సంగతి దాచకుండా చెప్పింది. అవతల ఆటో ఇంజను చప్పుడు ఆగింది.

“పర్వాలేదులే మేడం” అన్నాడు. “మాయమ్మ అప్పుడే చెప్పింది, ఇంకోసారి పొయ్యి అడగరాదా నాయనా అని. స్టాంపు కొట్టినారమ్మా, అంత పెద్ద యూనివర్సిటీ వాళ్లు చూడకుండా కొడతారా అని నేనే మాయమ్మను కసిరినా.”

 వెంటనే “ఉంటా మేడం, బాడుగ ఉండాది” అని పెట్టేశాడు.

ఇప్పుడు నేను రిజిస్ట్రారుగారి బీరువాలో, ఆ కవరులోనే ఉన్నాను. విచారణ అంటున్నారు, జరుగుతుందో లేదో నాకు అనుమానమే. ఎంతమందిని అనుమానించానో లెక్కలేదు. ఓబులేసు ఒక్కడు నన్ను అనుమానించి ఉంటే ఎంత బాగుండేది.