మామూలు ఊపిరి

ఉదయం తొమ్మిదీ పదికి రేడియేషన్ మెషిన్ ఆపేశారు. కిరణం ఇంకా వదల్లేదు. ముందుగా తీసిన చెక్ స్కాన్‌లో, ఈత మాస్టారి కుడి ఊపిరితిత్తిలోని కణితి ప్లాన్‌లో గీసిన గీత లోపల లేదు. పైకి జరిగి ఉంది.

ఊపిరితో పాటు కణితీ కదులుతుంది. అది తిరిగే మేరను స్కాన్‌లో పట్టుకుని చుట్టూ గీత గీస్తారు. కిరణం అందులోనే పడాలి. పక్కనే అన్నవాహిక. గురి తప్పితే కణితి మిగులుతుంది, అన్నవాహిక కాలుతుంది.

ప్లాన్ వేసిన ఫిజిసిస్ట్ అడిగింది. "మాస్టారూ, పోయిన వారం స్కాన్‌లో మామూలుగానే ఊపిరి తీశారా?"

"మామూలుగానే. ఊరందరి పిల్లలకీ ఊపిరి నేర్పినవాణ్ని. నా ఊపిరికి వంక పెట్టే మెషిన్ ఇంకా పుట్టలేదమ్మా."

గోడ పక్క కుర్చీలోంచి ఆయన భార్య అంది. "ఆ ఊపిరితోనే బాత్రూములో దాక్కుని సిగరెట్లు కాల్చారు."

"ఏమే, ఇప్పుడవసరమా అది?"

మళ్లీ స్కాన్‌కి పడుకోబెట్టి, మామూలుగా తీయమన్నారు. మాస్టారు పొట్ట లోపలికి లాగి, ఛాతీ నింపి, ఆపి, వదిలారు. అందరూ బయటి గదిలోకి వచ్చి చూస్తున్న తెర మీద ఊపిరి గీత కొలిచి గీసినట్టు వచ్చింది. పోయిన వారం ఇదే గీతను పెద్ద డాక్టరు విద్యార్థులకు చూపించి, పేషెంటంటే ఇలా ఉండాలన్నారు. ఇప్పుడాయన ఫోను చూసుకుంటున్నారు.

"ఎలా ఉంది?" లోపలి నుంచి మాస్టారి గొంతు.

"ఇదా మామూలు?" అంది భార్య. "ఇది ఫొటోకి పొట్ట బిగించడం. నాలుగు మెట్లెక్కితే నాలుక బయటపెట్టే మనిషి."

"మామూలుగా తీయమనే చెప్పామమ్మా" అన్నారు పెద్ద డాక్టరు.

"ఇంతమంది చూస్తుంటే ఆయన మామూలుగా ఉంటారా? ఉన్నది ఎప్పుడు గనక. పొద్దున మెషిన్ దగ్గర ఒక్కరే ఉన్నారు కాబట్టి అసలు ఊపిరి బయటపడింది. ఆ మైకిలా ఇవ్వండి."

ఫిజిసిస్ట్ పెద్ద డాక్టరు వైపు చూసింది. ఆయన తలూపారు.

"ఏవండీ, అయిపోయిందట. డాక్టరుగారు భేష్ అన్నారు. లేపేదాకా అలాగే పడుకోండి."

మాస్టారు పొట్ట వదిలేశారు. ఊపిరి పొట్టిగా, ఎగుడుదిగుడుగా వచ్చింది. కాసేపటికి సన్నగా గురక. ఫిజిసిస్ట్ స్కాన్ మొదలుపెట్టింది.

బయటికొచ్చాక మాస్టారు, తన ఊపిరి ధాటికి మెషిన్ నిలబడలేకపోయిందని వరసలో కూర్చున్న పేషెంట్లకు చెప్పారు. ఇద్దరు నమ్మారు. భార్య చెప్పులు వేసుకుంటోంది.

ప్లాన్ మళ్లీ వేశారు. సోమవారం మాస్టారిని బల్ల మీద పడుకోబెట్టి, టెక్నీషియన్ మైకు ఆమెకిచ్చాడు.

"ఏవండీ, ఇవాళ మిమ్మల్నెవరూ చూడ్డం లేదు."

చెక్ స్కాన్‌లో కణితి గీత లోపల ఉంది. కిరణం వదిలారు. మెషిన్ మధ్యలో ఆగలేదు.