ఎర్ర సిరాకెక్కని సంగతి

ఖడక్‌వాడిలో ఎవరినైనా ‘గుడ్’ అన్నారంటే తిట్టినట్టే లెక్క. సాతారా జిల్లాలో ఆ ఊరినుంచి ఇంటికొకడు ఫౌజుకు పోతాడు, కొన్ని ఇళ్ళనుంచి ఇద్దరు కూడా. రిటైరై వచ్చినవాడు ట్రంకుపెట్టె దించీ దించకముందే వీధి వీధంతా అడిగే మాట ఒకటే: డిశ్చార్జి బుక్కులో నడవడిక దగ్గర ఏం రాశారు? ‘ఎగ్జెంప్లరీ’ అని ఉంటే అతని పెళ్ళాం కుళాయి దగ్గర అందరికన్నా ముందు బిందె పెడుతుంది. ‘వెరీ గుడ్’ అయితే తలొంచుకోనక్కర్లేదు. ఒట్టి ‘గుడ్’ అయితే మాత్రం అయ్యో పాపం అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు మంచివాడనే అర్థమని వాళ్ళకి తెలియక కాదు, బాగా తెలిసే అంటారు.

సర్జేరావ్ ఫడ్తరే హవల్దారుగా రిటైరై వచ్చాడు. అతని బుక్కులో ‘గుడ్’ అని ఉంది. కుర్రతనంలో, ఒకే చలికాలంలో, రెండు శిక్షలు ఎర్ర సిరాతో ఎక్కాయి. మంచుకొండ మీది పోస్టులో కాపలా కాస్తూ నిద్రపోయాడు, అది మొదటిది. దాని గురించి వేళాకోళం చేసినవాడి పన్ను రాలగొట్టాడు, అది రెండోది. ఆ తర్వాత సర్వీసంతా ఒక్క మచ్చ లేదు. లేకపోతే ఏం, మచ్చలేని ఏళ్ళని ఎవరూ ఏ సిరాతోనూ రాయరు కదా.

బ్యాంకు గార్డు ఉద్యోగానికి వెళితే బుక్కు చూసి తిరిగి ఇచ్చేశారు. టోల్ నాకా దగ్గర కూడా అంతే. ఇక మిగిలింది చక్కెర ఫ్యాక్టరీలో గేటు జమాదారు ఉద్యోగం. అదీ పోతే పుణె పోవాల్సిందే. అక్కడ ఒక కాంట్రాక్టరు బుక్కూ గిక్కూ అడగకుండా పనిస్తాడు. అపార్ట్‌మెంట్ లిఫ్టు ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళకి తలుపు తీయాలి, వాళ్ళ కుక్కల్ని తిప్పాలి. హవల్దారు చేతిలో కుక్క గొలుసు ఉండటం తలుచుకుంటేనే అతని భార్య శాలన్‌కి కడుపు మండిపోయేది.

“మీ ఆయన గేటు ఉద్యోగానికి పెట్టుకున్నాడటగా వదినా?” అంది కుళాయి దగ్గర పక్కింటి తారాబాయి. “మంచం కూడా వాళ్ళే ఇస్తారా?”

“ఇస్తారేమో. మీ ఆయనకి ఎగ్జెంప్లరీ ఎట్లా వచ్చిందో కూడా నాకు తెలుసులే తారక్కా. దొరక్కుండా నిద్రపోవడం ఒక విద్య,” అని శాలన్ బిందె ఎత్తుకుంది. మాటకి మాట అయితే అప్పజెప్పింది గానీ, ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

అసలు ఆమె కోపమంతా మేనమామ మీద. ఆ రాత్రి నిద్రపోతున్న సర్జేరావ్ చేతుల్లోంచి తుపాకీ తీసుకుని, తెల్లారగానే కర్నల్ ముందు నిలబెట్టినవాడు మరెవరో కాదు, ఆమె సొంత మామ సుభేదార్ ధనాజీ సాళుంఖే. అప్పటికి శాలన్ పెళ్ళై ఏడాది కూడా కాలేదు. అప్పటినుంచి ఆమె తల్లి దీపావళికి అన్నకి హారతి పట్టడం మానేసింది. శాలన్ ఆ గడప తొక్కడం మానేసింది. ఇప్పుడు చూస్తే ఫ్యాక్టరీలో కాపలావాళ్ళని ఎంచే కమిటీలో ఆ మామే కూర్చుని ఉన్నాడు.

ఇంటర్వ్యూకి ముందురోజు ఆమె అభిమానం చంపుకుని వెళ్ళింది. మామ వాకిట్లో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు.

“రావే పిల్లా, కూర్చో,” అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్ళిన మనిషితో అన్నట్టు.

“కూర్చోడానికి రాలేదు. వెరీ గుడ్‌కి తక్కువైతే తీసుకోకూడదని రూలట కదా. ఎవడు రాశాడు మామా ఆ రూలు?”

“నేనే రాశాను.”

“ఎవరి మొహం తలుచుకుని రాశావు?”

మామ అరచేతిలో పప్పులు పోసుకుని పొట్టు ఊదాడు. “ఈ చుట్టుపక్కల సగం మంది నాకు చుట్టాలే. రూలంటూ లేకపోతే ఒక్కొక్కడూ మామా, కాకా అంటూ వాకిట్లో దిగబడతాడు. ఇదిగో, ఇప్పుడు నువ్వు దిగినట్టు.”

“నేను ఉద్యోగం అడుక్కోడానికి రాలేదు. ఒక్క సంగతి అడిగి పోదామని వచ్చా. ఆ రాత్రి రెండు తన్ని లేపి ఊరుకుంటే నీ సొమ్మేం పోయేది? చెల్లెలి అల్లుడు కాదా?”

“వాడి వెనక గుడారాల్లో ముప్ఫై మంది పడుకుని ఉన్నారు. వాళ్ళు కూడా ఎవరో ఒకరి అల్లుళ్ళే.”

 ఆ మాటతో ఆమె కోపం రెట్టింపైంది. “రేపు కూడా ఇట్లాగే బిగుసుకుని కూర్చుంటావా?”

“రేపు ఆ గదిలో నేను నీ మామని కాను. వాడు నాకేమీ కాడు. టీ తాగి వెళ్ళు.”

లోపలినుంచి అత్త టీ కప్పులతో వచ్చేసరికి శాలన్ వీధి మలుపు తిరిగేసింది. ఇంటికొచ్చి సంగతి చెబితే సర్జేరావ్ చొక్కా ఇస్త్రీ చేస్తున్నవాడు ఆపి, “నిన్నెవరు వెళ్ళమన్నారు?” అని కసిరాడు. “ఆయన చేసినదాంట్లో తప్పులేదు. నా కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోవద్దు.” మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ మోటారు సైకిలెక్కి ఫ్యాక్టరీకి వెళ్ళారు. చెరకు సీజను కావడంతో గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, గాలంతా మొలాసిస్ వాసన. ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. శాలన్ ఒళ్ళో భాక్రీ అనే జొన్నరొట్టెలు, ఠేచా అనే మిరపకాయ పచ్చడి కట్టిన మూట ఉంది. కిటికీ తెరిచే ఉండటంతో లోపల బల్ల వెనక ముగ్గురూ కనిపిస్తున్నారు: మధ్యలో ఫ్యాక్టరీ ఛైర్మన్ జగ్తాప్, ఒక పక్క అకౌంటెంటు, ఇంకో పక్క మామ. మామ ముందు డిశ్చార్జి బుక్కు తెరిచి ఉంది.

పేరు పిలిచారు. సర్జేరావ్ లేచి కిటికీలోంచి ఆ బల్లనీ, ఆ సుభేదారునీ, ఆ బుక్కునీ చూశాడు. చూసి, నెత్తిమీది తెల్లటోపీ తీశాడు. నడుం బెల్టు విప్పాడు. రెండూ తెచ్చి శాలన్ ఒళ్ళో పెట్టాడు.

ఎందుకో ఆమెకి తెలిసిపోయింది. ఫౌజీ ఊళ్ళో పుట్టిన పిల్లకి వేరే చెప్పాలా? నేరం చేసి సాహెబు ముందుకి వెళ్ళేవాడికి టోపీ, బెల్టు ఉండవు. “ఇది ఇంటర్వ్యూ, శిక్ష కాదు. బెల్టు పెట్టుకోవయ్యా,” అని పళ్ళ బిగువున అంది. అతనికి వినపడనే లేదు. జారిపోతున్న ప్యాంటుని ఒక చేత్తో పట్టుకుని, కాళ్ళు మాత్రం పెరేడులో లాగే వేసుకుంటూ లోపలికి వెళ్ళి, మడమలు టపీమని కొట్టి నిలబడ్డాడు.

ఛైర్మన్ పుట్టి బుద్ధెరిగాక చెరకుతోట తప్ప ఫౌజు చూసినవాడు కాదు. “ఏమిటయ్యా బట్టలు విప్పుకుంటూ వస్తున్నావు? మేం డాక్టర్లం కాము,” అన్నాడు. అకౌంటెంటు పకపకా నవ్వాడు. మామ నవ్వలేదు.

“హవల్దార్ ఫడ్తరే, నీ మీద ఉన్నదేమిటో చెప్పు,” అన్నాడు మామ.

“కాపలాలో నిద్రపోయాను సాబ్. ఇరవై ఎనిమిది రోజుల కఠిన శిక్ష. ఆ చలికాలమే తోటివాణ్ణి కొట్టాను. దానికి ఏడు రోజులు.”

“ఎందుకు కొట్టావు?” అన్నాడు ఛైర్మన్.

“కుంభకర్ణుడన్నాడు సాబ్.”

“ఎందుకు నిద్రపోయావు మరి?”

“నిద్రొచ్చింది సాబ్.”

బయట శాలన్ మూట ముడిని నలిపేస్తోంది. అంతకు ముందు రెండు రాత్రులూ మంచు తవ్వుతూనే ఉన్నానని చెప్పొచ్చు కదా, ఒళ్ళు కాలిపోతోందని చెప్పొచ్చు కదా. ఈ మనిషి చెప్పడు. కిటికీలోంచి తనే అరిచి చెప్పేద్దామా అనుకుంది.

ఛైర్మన్ బుక్కు మూసేశాడు. “నిజం చెప్పావు, సంతోషం. కానీ కాపలాలో నిద్రపోయినవాణ్ణి తెచ్చి గేటు దగ్గర పెడితే రైతులు చెరకుతో పాటు నన్నూ మిల్లులో వేస్తారు. వెళ్ళిరా.”

“ఒక్క నిమిషం,” అన్నాడు మామ. “ఆ బుక్కులో లేనిది ఒకటుంది. అప్పుడు అక్కడ ఉన్నది నేను కాబట్టి నేనే చెప్పాలి.”

ఛైర్మన్ చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు.

“శిక్ష అయ్యాక వీణ్ణి కింద వంటపనికి పంపుదామనుకున్నాం. వీడు నా ముందుకొచ్చి అదే పోస్టు, అదే జాము ఇమ్మన్నాడు. రాత్రి రెండు దాటాక, ఎవడూ కోరి తీసుకోని జాము. మేం కొండ దిగేదాకా ఒక్క రాత్రి కూడా ఇంకొకడికి వదల్లేదు. నేను నమ్మలేదు. ఎట్లాగైనా పట్టుకోవాలని బూట్లకి గోనెపట్టా చుట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళేవాణ్ణి. ఎప్పుడు వెళ్ళినా నాకన్నా ముందు వాడి గొంతే వినపడేది, ‘ఆగు, ఎవరది’ అని. చివరికి నేనే వెళ్ళడం మానేశాను. ఆ చలికాలం ఆ ఒక్క జామూ నేను హాయిగా నిద్రపోయాను ఛైర్మన్ సాబ్. శిక్షకైతే ఎర్ర సిరా ఉంది. ఇట్లాంటిదానికి ఫౌజులో ఏ సిరా లేదు.”

 ఇన్నేళ్ళ కాపురంలో శాలన్ ఈ సంగతి ఒక్కసారి కూడా భర్త నోట వినలేదు. ఊరంతా ‘గుడ్’ అని ఎత్తిపొడుస్తుంటే కూడా చెప్పలేదు. ఒళ్ళో ఉన్న టోపీని రెండు చేతులతో పట్టుకుంది. ఇంత గర్వం ఆమెకి తన పెళ్ళినాడు కూడా కలగలేదు.

“మరి మీ రూలో?” అన్నాడు ఛైర్మన్.

“రూలు రాసింది నేను. ఇప్పుడు సాక్ష్యం కూడా చెప్పాను. సాక్షీ జడ్జీ ఒకే కుర్చీలో కూర్చోకూడదు. మీరిద్దరూ తేల్చండి.” మామ లేచి బయటికొచ్చి, బల్ల మీద శాలన్ పక్కనే కూర్చున్నాడు. అకౌంటెంటు తలుపుతో పాటు కిటికీ కూడా వేసేశాడు.

 మామ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఈయన ముసలివాడయ్యాడని శాలన్ అప్పుడు చూసింది.

“ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు మామా?”

“నువ్వు మా ఇంటికొచ్చింది నిన్ననే కదే. వాడు చెప్పలేదా?”

“లేదు.”

“చెప్పడు. తప్పు దిద్దుకున్నానని చెప్పుకు తిరిగే రకం కాదు వాడు.”

ఆమె మూట విప్పి, ఒక భాక్రీ మీద ఠేచా వేసి ఇచ్చింది. “వాడి కోసం తెచ్చావు కదే,” అన్నాడు మామ. “ఆయనకి ఇంకోటుంది. తిను,” అంది. మామ వంచిన తల ఎత్తకుండా తినసాగాడు.

తలుపు తెరుచుకుంది. ఛైర్మన్ స్వయంగా బయటికొచ్చి నుదురు తుడుచుకున్నాడు.

“సుభేదార్ సాబ్, ఎక్కడ దొరికాడండీ ఈ మనిషి? మీ మాట మీద ఈ ఒక్కసారికి రూలు పక్కన పెడతామన్నాం. ఒద్దంటాడు.”

శాలన్ లేచి నిలబడింది.

“తనొక్కడి కోసమైతే ఒద్దట. పోయినేడు బుక్కులో ‘గుడ్’ ఉందని ఈ గేటునుంచే ఇద్దర్ని వెనక్కి పంపామట. ఆ తర్వాత ఏం చేశారని వాళ్ళని ఒక్క ముక్క కూడా అడగలేదట. వాళ్ళని కూడా పిలిచి అడిగితేనే తను చేరతానంటాడు, లేకపోతే పుణె పోతాడట. గేట్లో కాపలాకి మనుషులు కావాలన్నది నిజమే అనుకోండి. అయినా ఉద్యోగానికొచ్చి నాకే షరతులు పెడతాడా? ఈ జిల్లాలో నాకు ఎదురు చెప్పినవాడు లేడు.”

“మీరేమన్నారు?” అన్నాడు మామ, భాక్రీ చేతిలోనే ఉంది.

“ఏమంటాను? రూలు కొట్టేశాను. ఆ ఇద్దరికీ కబురు పంపిస్తున్నాను. జమాదారు మాత్రం ఈయనే. ఛైర్మన్‌కే ఒద్దని చెప్పినవాడు గేటు దగ్గర ఇంకెవడికి లొంగుతాడండీ?”

వెనకాలే సర్జేరావ్ ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని వచ్చాడు. శాలన్‌కి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. “ముందు ఈ బెల్టు పెట్టుకో జమాదారూ, పరువు పోతోంది,” అంది.

ఛైర్మన్ ఆమెనీ, ముసలాయన చేతిలోని భాక్రీనీ మార్చి మార్చి చూశాడు. “ఇంతకీ ఈయన మీకేమవుతాడు సుభేదార్ సాబ్?”

పటాలంలో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఈ ఫ్యాక్టరీలోనూ, సాళుంఖే ఆ మాట ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఇప్పుడు లేచి, చేతికంటిన ఠేచా పంచెకి తుడుచుకుని, నిటారుగా నిలబడ్డాడు.

“మా అల్లుడు,” అన్నాడు, గేటు దగ్గరి ట్రాక్టర్లవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా.