బీరువా మీద ఉల్లిపొర

ఆ పలక మీద రంపం పెట్టిన మొదటి పూటే మేస్త్రికి దానిమీద రోత పుట్టింది. టేకు కోస్తే పొట్టు రాలుతుంది. ఆ పొట్టుకు ఒక బరువుంటుంది, ఒక వాసనుంటుంది, రాలాల్సిన చోట రాలి బుద్ధిగా కూర్చుంటుంది. దీన్ని కోస్తే పిండి లేచింది. మట్టిరంగు పిండి. అది గాల్లో కాసేపు నిలబడి, ఎక్కడ దిగితే బాగుంటుందో తీరిగ్గా చూసుకుని, ఆయన మీసాల మీదికీ మెడ చెమటలోకీ మూత పెట్టని టీ గ్లాసులోకీ దిగింది. ముక్కు చీదితే చేతిగుడ్డ నిండా అదే రంగు. నోట్లో పాత జిగురు రుచి.

దాన్ని దుకాణాల్లో ఎండీఎఫ్ అంటారు. కట్టెను పీచుపీచుగా నలిపి, జిగురు పోసి, రొట్టె ఒత్తినట్టు ఒత్తి చేసిన పలక. మేస్త్రి మాటల్లో చెప్పాలంటే, ఎవరో నమిలి ఉమ్మేసిన కట్టె. ఆ ఉమ్మి మీద ఉల్లిపొరంత మందాన అసలు టేకు పొర అంటించి ఉంటుంది. చూసినవాడు అబ్బ ఏం టేకు అనుకోవాలి. పైన పటారం, లోన లొటారం.

ఈ మేస్త్రిని ఊళ్లో వెనకాల కోతలమేస్త్రి అంటారు. ఆయన నోరు తెరిస్తే కలప కంటే ఎక్కువ కోస్తాడని. వయసులో ఉన్నప్పుడు తాను చిత్రిక పడితే లేచిన పొర తెగకుండా వీధి చివరిదాకా పోయిందనీ, బట్టల దుకాణం వాడు అది కొత్తరకం గుడ్డ అనుకుని చుట్టి బీరువాలో దాచుకున్నాడనీ ఇప్పటికీ చెబుతాడు. ఈ పిండిపలక మీద కూడా ఆయన దగ్గర ఒక కథ ఉంది. ఒక ఇంటివాళ్లు ఇలాంటి బీరువా చేయించుకుని వానకాలం కిటికీ మూయడం మరిచారట. అది నీళ్లు తాగీ తాగీ గది నిండా ఉబ్బి, చివరికి ఇంటాయన్నే మంచంతో సహా వసారాలోకి నెట్టేసిందట.

అలాంటివాడు ఆ పలకను ముట్టుకోవడానికి కారణం అక్క.

అక్క ఇంట్లో తమ్ముడి చేతి వస్తువు ఒక్కటీ లేదు. ఊరందరికీ తలుపులు, మంచాలు చేసిన తమ్ముడు సొంత అక్కకు పీట కూడా చేసివ్వలేదు. ఇవాళ రేపు అంటూ జుట్టు నెరిసిపోయింది. ఇప్పుడు అక్క పట్టుబట్టింది, బట్టల బీరువా కావాలి, అది తమ్ముడే చేయాలి అని. బావ అసలే పొదుపరి, పైగా బామ్మర్దిని ఏడిపించడమంటే పంచప్రాణాలు. టేకు కొనమంటే ఈ షీట్లు తెచ్చి గోడకు ఆనించాడు. వాటిలో తలుపులకు సరిపోయేంత పెద్దది ఒక్కటే. పక్కవీధి కొట్లో తయారుగా ఉన్న బీరువా ఒకటి చూసి పెట్టాననీ, దీన్ని పాడుచేస్తే మాట్లాడకుండా అది తెచ్చి పెట్టేస్తాననీ చెప్పాడు. అంటే తమ్ముడి చేయి అక్క ఇంట్లోకి రావాలంటే ఈ పిండిలోంచే రావాలి.

బావవాళ్ల వెనక వసారాలో పని మొదలైంది. మేకు కొడితే అంచు పొరలుపొరలుగా విచ్చుకుంది. మరమేకును గట్టిగా బిగిస్తే పట్టు దొరక్క తిరుగుతూనే ఉంది, పళ్లు లేని నోట్లో ఎముక తిరిగినట్టు. చిత్రిక పట్టడానికి ఏమీ లేదు. చెక్క ఏ వైపు మాట వింటుందో ఏ వైపు ఎదురు తిరుగుతుందో తెలుసుకోవడం ఆయన జీవితమంతా చేసిన పని. దీనికి ఏ వైపూ లేదు. ఎటు కోసినా ఒకటే, ఎటు తిప్పినా ఒకటే. సిగ్గూ లేదు, కోపమూ లేదు. రోజూ సాయంత్రం చెవుల్లోంచి పిండి తీసుకుంటూ, ఇలాంటిదాని మీద ఉలి పెట్టానని తెలిస్తే నా గురువు నన్ను గుమ్మం ఎక్కనివ్వడని అక్కతో గొణిగేవాడు. బీరువా నేను అడిగింది నీ గురువును కాదులే అనేది అక్క.

ఎలాగో పెట్టె నిలబడింది. తలుపులు మిగిలాయి. తలుపుల అంచులకు టేకు పట్టీలు ఇంకా అంటించలేదు. అక్క బజారుకు వెళ్లిన పూట, మేస్త్రి చేయి తన పాత అలవాటు తాను చేసేసింది. మంచి చెక్కకు చివరి నునుపు తేవాలంటే ముందు తడిగుడ్డతో తుడవాలి. పడుకున్న పీచు లేస్తుంది. ఆరాక గరుకు కాగితంతో రుద్దితే అద్దమే. ఆయన గుడ్డ తడిపాడు, తలుపంతా తుడిచాడు, అలవాటుగా అంచులు కూడా ఒత్తి తుడిచాడు.

అంతే. పట్టీ లేని అంచు దాహంతో ఉన్న దానిలా నీళ్లు పీల్చింది. ఆరేసరికి, కంటికి ఎదురుగా వచ్చే చోట, అంచు కందిరీగ కుట్టిన పెదవిలా లేచి ఉంది. అక్కడ ఆగినా బాగుండేది. గుబ్బ కనిపిస్తే చదును చేయడమే చేతికి తెలుసు. గరుకు కాగితం తీసి నాలుగు రుద్దులు రుద్దాడు. టేకు మాయమై, లోపలి మట్టిరంగు బొటనవేలంత మేర బయటపడింది. పుండు మీది పొర ఊడితే కనబడినట్టు.

మేస్త్రి దానివైపు చూడలేకపోయాడు. మొదట పలకను తిట్టాడు. తర్వాత బావను. ఆ తర్వాత తిట్టడానికి మిగిలింది తన చేయే. దానిమీద పుట్టిన అసహ్యం ముందు పలక మీది అసహ్యం ఏపాటిది? పక్కవీధి బీరువా కళ్లముందు ఆడింది.

కోసి పడేసిన ముక్కల్లో తలుపు మీది టేకు గీతలతో కలిసే ముక్క కోసం వెతికాడు. దొరికింది. దాన్ని బోర్లించి, వెనకనుంచి ఉలితో పిండినంతా గీకడం మొదలుపెట్టాడు. పిడచలు పిడచలుగా ఊడి గోళ్లకింద చేరింది. రెండుసార్లు లేచి వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు. చివరికి చేతిలో పొర ఒక్కటే మిగిలింది, వెలుతురుకు పడితే అవతల వేలు కనిపించేంత. ముందు ఉబ్బిన చోట తలుపును చదునయ్యేదాకా చెక్కి, పొరను మామిడాకు ఆకారంలో, గీతల వెంటే వంపు తిరిగేలా పుండు మీద పరిచి, పదునైన కత్తితో రెండు పొరలూ ఒకేసారి తెగేలా గీశాడు. పాతది లేపి, కొత్తది జిగురుతో కూర్చోబెట్టి, బరువు పెట్టాడు. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుందని ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. ఆరాక తడి తగలకుండా, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు, సన్న కాగితంతో తుడిచాడు. అంచుకు పట్టీ వేసి, పైన మెరుగు నూనె పూశాడు. తన జన్మలో ఇంత సన్నపని చేయలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా రోత పుట్టింది. చేసిన గొప్ప పనంతా ఈ ఉమ్మి మీదా చేయడం?

సాయంత్రం బావ వచ్చాడు. తలుపులు బిగించి ఉన్నాయి. బజారునుంచి వచ్చిన అక్క పక్కనే నిలబడి ఉంది. బావ చేయి తలుపు మీద పైనుంచి కిందికి జారి, సరిగ్గా ఆ అంచు దగ్గర ఆగింది.

"చూశావా బామ్మర్దీ, ఈ గీత తిరిగిన తీరు? షీటంటే ఇదీ. చేత్తో చేసేవాడు ఇంత అందం తేగలడా?"

నోరు మూసుకుంటే సరిపోయేది. బీరువా నిలుస్తుంది, అక్క కోరిక తీరుతుంది. కానీ ఆ పలక పొగడ్త తింటూ ఎదురుగా నిలబడితే మేస్త్రి ఊరుకోలేకపోయాడు. పొయ్యేది పోనీ అని మొత్తం చెప్పేశాడు. తడిగుడ్డ, లేచిన అంచు, తాను చేసిన తప్పు, మామిడాకు ముక్క, అన్నీ.

బావ కళ్లజోడు సవరించుకుని వెతికాడు. గోటితో గీరాడు. దీపం తెచ్చి పక్కనుంచి పట్టి చూశాడు. తర్వాత కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఊరుకో బామ్మర్దీ. వీధి చివరిదాకా పోయిన పొర కథే నయం. అందులో సాక్ష్యానికి బట్టల దుకాణం వాడైనా ఉన్నాడు."

"ఇక్కడే బావా. ఈ గీత పక్కనే."

"ఏదీ, చూపించు."

మేస్త్రి వంగి చూశాడు. వేలితో తడిమాడు. కళ్లు చికిలించి చూశాడు. ఆయనకూ కనబడలేదు. తాను పెట్టిన ముక్క తనకే దొరకడం లేదు. చెవులు ఎర్రబడ్డాయి. పనిముట్ల గుడ్డ విప్పి ఉలి తీశాడు, ముక్క లేపి బావ అరచేతిలో పెట్టేద్దామని.

అక్క ముందుకు వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"నేను నమ్ముతున్నానురా. ఆ ఉలి లోపల పెట్టు."

"నిజంగా నమ్ముతున్నావా అక్కా, బీరువా కోసం అంటున్నావా?"

"ముందు ఉలి లోపల పెట్టు."

 బావ అప్పటికే పక్కింటాయన్ని కేకేస్తూ వెళ్లాడు, షీటు చూద్దువుగాని రమ్మని. మేస్త్రి ఉలిని గుడ్డలో చుట్టి, కుళాయి దగ్గరికి వెళ్లి పుక్కిలించి ఉమ్మాడు. ఎన్నిసార్లు ఉమ్మినా ఆ మట్టిరంగే. వెనక్కి తిరిగి చూస్తే అక్క మడతపెట్టిన బట్టలు తెచ్చి, ఎవరూ అడ్డు రాకముందే, గబగబా అరల్లో సర్దేస్తోంది.